చిల్లా ముగిసేదాకా ఆగని ప్రయాణం

మన ఇళ్లలో కాన్పయిన తల్లికి చిల్లా నలభై రోజులు కోటగోడ వంటివి. ఆ నలభై రోజులూ తల్లీబిడ్డలు గడప దాటరు. చలిగాలి సోకకుండా కిటికీలు మూసి ఉంచుతారు. పుట్టింటివారు పథ్యం వండి పెడతారు. ఇరుగుపొరుగు సైతం చేతులు కడుక్కున్న తర్వాతే శిశువును ఎత్తుకుంటారు. ఈ ఆచారం వెనుక ఉన్నది ప్రేమ. బాలింతకు విశ్రాంతి ఇచ్చి, పసిబిడ్డను అంటురోగాలకు దూరంగా ఉంచడంలో అది తరతరాలుగా మేలు చేసింది కూడా. అయితే కొందరు శిశువుల విషయంలో ఆ నలభై రోజులే అత్యంత విలువైన వైద్యకాలం. పుట్టుకతోనే కంటిలో శుక్లం ఉన్న శిశువులు వారిలో ముఖ్యులు. చిల్లా స్నానం అయిన తర్వాత చూద్దామని పెద్దలు అనే ఒక్క మాట ఆ బిడ్డ జీవితకాలపు చూపును నిర్ణయించవచ్చు.

అటువంటి ఒక ఇంటిని మనసులో ఊహించుకుందాం. కర్నూలు చేరువలోని ఒక చిన్న పట్టణం. తండ్రికి మోటారు సైకిళ్ల మరమ్మతు దుకాణం. తల్లికి ఇది తొలి కాన్పు, ఆడపిల్ల. పన్నెండో రోజున వాకిట్లో ఎండపొడలో బిడ్డను ఒడిలో పెట్టుకున్న తల్లికి, కంటిపాప నడుమ నల్లగా ఉండవలసిన చోట పాలచుక్క వంటి తెలుపు కనిపిస్తుంది. రెండో కంట్లోనూ అంతే. ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యుడు చిన్న దీపంతో చూసి, ఇది పుట్టుశుక్లమనీ, ఆపరేషన్ అవసరమనీ, ఆలస్యం చేయరాదనీ చెబుతాడు. ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట. “చిల్లా కానివ్వు బేటా, పిల్ల కాస్త బలం పుంజుకోనివ్వు” అంటుంది నానీ. దాదీ తావీజు కోసం మనిషిని పంపుతానంటుంది. గ్రహణం నాడు కోడలు బయటకు వచ్చిందని మరొకరు గొణుగుతారు. తండ్రి మౌనంగా డబ్బు లెక్క వేసుకుంటూ ఉంటాడు. తల్లి మాత్రం బిడ్డ కళ్లలోకే చూస్తూ కూర్చుంటుంది.

ఇటువంటి ఇళ్లు మన చుట్టూ ఉన్నాయి. ఆ సాయంత్రం తర్వాత గడిచే ప్రతి దినమూ ఎంత ముఖ్యమైనదో, ఆ ఇంటివారు ఏమేమి సిద్ధం చేసుకోవాలో తెలుసుకోవడం మనందరి బాధ్యత.

కంటికి చూపు నేర్పేది వెలుగే

పెద్దవారి శుక్లానికీ శిశువు శుక్లానికీ ఒక గొప్ప భేదం ఉంది. అరవై ఏళ్ల మనిషి కంటి కటకం మసకబారితే, ఆరు నెలలు ఆగి ఆపరేషన్ చేయించుకున్నా సాధారణంగా చూపు తిరిగి వస్తుంది. ఎందుకంటే ఆయన మెదడు చూడటం ఏనాడో నేర్చుకుంది. శిశువు మెదడు ఇంకా నేర్చుకోలేదు. పుట్టిన తొలి వారాలలో, నెలలలో కంటి నుండి అందే స్పష్టమైన దృశ్యాలను ఆధారం చేసుకునే మెదడులోని దృష్టి నాడులు అల్లుకుంటాయి. ఆ కాలంలో శుక్లం అడ్డుపడి వెలుగు సరిగా అందకపోతే ఆ అల్లిక జరగదు. తర్వాత శుక్లాన్ని తొలగించినా, కన్ను పంపే దృశ్యాన్ని అందుకోవడానికి మెదడు సిద్ధంగా ఉండదు. దీనినే వైద్యులు మందదృష్టి అంటారు. డేవిడ్ హ్యూబెల్, టార్స్‌టెన్ వీజెల్ అనే శాస్త్రవేత్తలు పిల్లికూనల మీద చేసిన పరిశోధనలతో ఈ సత్యాన్ని నిరూపించారు. దృష్టి వ్యవస్థపై వారు చేసిన కృషికి 1981లో నోబెల్ పురస్కారం లభించింది.

అందుకే రెండు కళ్లలోనూ దట్టమైన శుక్లం ఉంటే సుమారు ఆరు నుండి ఎనిమిది వారాల లోపు, ఒకే కంటిలో ఉంటే అంతకన్నా ముందే, అంటే నాలుగు నుండి ఆరు వారాల వయసులో ఆపరేషన్ జరగడం మేలని నేత్రవైద్యులు చెబుతారు. ఒక కన్ను బాగుండి మరొకటి మూసుకుపోయినప్పుడు మెదడు మంచి కంటినే నమ్ముకుని రెండోదానిని వదిలివేస్తుంది. కనుక అక్కడ తొందర మరింత ఎక్కువ. మరీ మొదటి నాలుగు వారాల లోపే ఆపరేషన్ చేస్తే తర్వాత కంటిలో ఒత్తిడి పెరిగే ప్రమాదం ఎక్కువ కనుక వైద్యులు ఆ రెంటినీ తూచి తేదీ నిర్ణయిస్తారు. ఈ వారాలను చిల్లాతో పోల్చి చూడండి. చిల్లా ముగిసే నాటికి శిశువుకు దాదాపు ఆరు వారాలు నిండుతాయి. ఆ తర్వాత వైద్యుణ్ని వెదకడం మొదలుపెడితే పరీక్షలకూ, తేదీకీ, ప్రయాణానికీ మిగిలే సమయం ఎంత?

ప్రసవానంతర కాలంలో తల్లికి నమాజు, ఉపవాసాల విషయంలో షరీఅత్ మినహాయింపు ఇచ్చింది. నలభై రోజులు గడప దాటరాదనే నిబంధన మాత్రం అందులో లేదు. అది మనం ఏర్పరచుకున్న అలవాటు. ప్రాణానికో, అవయవానికో ముప్పు ఉన్నప్పుడు అలవాటు అవసరానికి దారి ఇవ్వాలి.

ఆలస్యమైనవారు ఆశ వదులుకోవాలని దీని అర్థం కాదు. మసాచుసెట్స్‌లోని ఎం.ఐ.టి.లో ఆచార్యులైన పవన్ సిన్హా మన దేశంలో నడిపిన ‘ప్రాజెక్ట్ ప్రకాశ్’ ద్వారా పుట్టుశుక్లాలతో పెరిగిన ఎందరో పిల్లలకు పెద్ద వయసులో ఆపరేషన్లు జరిగాయి. వారిలో చాలామంది మనుషులనూ వస్తువులనూ గుర్తించడం క్రమంగా నేర్చుకున్నారు. కానీ సకాలంలో అందవలసిన చూపు నిశితత్వం వారికి పూర్తిగా దక్కలేదు. ఆలస్యంగానైనా వెళ్లండి, సాధ్యమైతే ఆలస్యం కానివ్వకండి అన్నదే దీని సారాంశం.

నింద ఎవరి మీద?

శిశువుకు లోపం ఉందని తెలియగానే మన సమాజం మొదట వెదికేది కారణాన్ని కాదు, నిందితులను. ఆ వేలు సాధారణంగా తల్లి వైపే తిరుగుతుంది. గ్రహణం నాడు కూరగాయలు తరిగిందనీ, దిష్టి తగిలిందనీ, ఏదో తినరానిది తిన్నదనీ అంటారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) కుమారుడు ఇబ్రాహీం పసితనంలో మరణించిన రోజున సూర్యగ్రహణం ఏర్పడింది. ఆ బిడ్డ మరణం వల్లనే గ్రహణం పట్టిందని ప్రజలు అనుకున్నారు. పుత్రశోకంలో ఉండి కూడా ఆయన ఆ భావనను ఖండించారు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఒకరి పుట్టుకకో చావుకో అవి గ్రహణం పట్టవనీ బోధించారు. ఆ బోధను గౌరవించే ఇళ్లలో ఒక బాలింతను గ్రహణం పేరిట నిందించడం ఎంత విపరీతం!

నిజమైన కారణాలు వేరు. కొందరిలో ఇది వంశపారంపర్యంగా వస్తుంది. కొందరిలో శరీరంలోని జీవరసాయన లోపాల వల్ల కలుగుతుంది. గర్భంలో సోకే అంటురోగాలు మరొక కారణం. వాటిలో ముఖ్యమైనది రుబెల్లా. గర్భిణికి తొలి నెలల్లో రుబెల్లా సోకితే శిశువుకు శుక్లం రావచ్చని ఆస్ట్రేలియా నేత్రవైద్యుడు నార్మన్ గ్రెగ్ 1941లో లోకానికి తెలియజేశాడు. తల్లికి అది స్వల్ప జ్వరం, ఒంటిపై ఎర్రని దద్దుర్లుగా వచ్చి పోతుంది. శిశువుకు మాత్రం కంటిలో శుక్లం, చెవుడు, గుండెలో లోపం మిగిల్చి పోవచ్చు. చాలామంది శిశువుల్లో, ముఖ్యంగా ఒకే కంటిలో శుక్లం ఉన్నవారిలో, ఏ కారణమూ తేలకపోవచ్చు.

రక్తసంబంధీకుల మధ్య వివాహం గురించి కూడా నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. చిన్నాన్న, మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లిళ్లు మనలోనూ, తెలుగునాట ఇతర సమాజాలలోనూ ఉన్నాయి. దంపతులిద్దరి వంశమూ ఒకటే అయినప్పుడు, దాగి ఉన్న ఒకే జన్యులోపం ఇద్దరి నుండీ బిడ్డకు చేరే అవకాశం పెరుగుతుంది. షరీఅత్ ఇటువంటి పెళ్లిని అనుమతించింది, ఆదేశించలేదు. ఈ విషయం రాబోయే సంబంధాలను ఆలోచించేవారికి జ్ఞానంగా ఉపయోగపడాలి, ఇప్పటికే తల్లిదండ్రులైనవారిపై విసిరే రాయి కాకూడదు.

దుఆ, దవా

బిడ్డ కోసం దుఆ చేయడం విశ్వాసి మొదటి పని. ఇతర పనులన్నిటినీ మానుకోవడానికి దుఆను సాకుగా చూపడం మాత్రం మన ధర్మం నేర్పిన పద్ధతి కాదు. వ్యాధికి చికిత్స చేయించుకోమనీ, అల్లాహ్ వ్యాధితోపాటు దాని మందును కూడా సృష్టించాడనీ ప్రవక్త (స) బోధించారు. ఒంటెను కట్టివేసిన తర్వాతే అల్లాహ్‌పై భారం వేయాలన్న ఆయన బోధ మనకు సుపరిచితమే.

మన పూర్వ విద్వాంసులు ఈ బోధను ఎలా అర్థం చేసుకున్నారో నేత్రవైద్య చరిత్రే చెబుతుంది. మోసూల్‌లో పుట్టి ఈజిప్టులో ఖలీఫా అల్ హాకిమ్ కాలంలో, అంటే వెయ్యేళ్ల క్రితం, వైద్యం చేసిన అమ్మార్ ఇబ్న్ అలీ అల్ మౌసిలీ, బోలుగా ఉన్న లోహపు సూదితో మెత్తని శుక్లాన్ని పీల్చి తీసే విధానాన్ని తన గ్రంథంలో వర్ణించాడు. శిశువుల శుక్లం మెత్తగానే ఉంటుంది. నేటి వైద్యులు సూక్ష్మదర్శిని కింద, అతి సన్నని పరికరాలతో దానిని పీల్చే తొలగిస్తారు. ఇంట్లో ఎవరైనా కన్ను కోయించడం దైవనిర్ణయానికి ఎదురు వెళ్లడమని అంటే, వారికి అల్ మౌసిలీ కథ చెప్పండి.

ఎక్కడికి వెళ్లాలి?

శిశువుల కంటి ఆపరేషన్ అన్ని ఆసుపత్రులలో జరగదు. దానికి పిల్లల నేత్రవైద్యంలో అనుభవం ఉన్న వైద్యులే కాక, పసిపిల్లలకు మత్తు ఇవ్వడంలో ఆరితేరిన వైద్యులు కూడా కావాలి. హైదరాబాదులోని ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి, కర్నూలులోని ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ప్రజలకు సుపరిచితమైనవి. హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడలలో ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ కేంద్రాలు ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా ముందుగా ఫోను చేసి, నెలలోపు శిశువుకు ఆపరేషన్ చేస్తారా అని అడిగి బయలుదేరడం మంచిది.

డబ్బు లేదన్న భయంతో ఇంట్లో కూర్చోవద్దు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుకతో వచ్చే లోపాలను గుర్తించి చికిత్సకు పంపుతారు. ఆ జాబితాలో పుట్టుశుక్లం ఉంది. మీ ఆశా కార్యకర్తనో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుణ్నో అడిగితే దారి చూపిస్తారు. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా అన్నది ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి. రేషన్ కార్డు, ఆధార్ కార్డులు, శిశువు జనన పత్రం, టీకాల కార్డు, ప్రసవమైన ఆసుపత్రి కాగితాలు ఒకే సంచిలో సర్ది ఉంచుకోండి.

అఖీఖా కోసం దాచిన సొమ్ము ప్రయాణ ఖర్చులకు అవసరమైతే సంకోచించవద్దు. అఖీఖా సున్నత్, ఏడో రోజున కుదరనివారు తర్వాత చేసుకోవచ్చని ధర్మవేత్తలు చెప్పారు. కంటికి మాత్రం అటువంటి వాయిదా లేదు.

ఆపరేషన్‌కు ముందు

మొదట పిల్లల వైద్యుడు శిశువు గుండె, ఊపిరితిత్తులు, బరువు పరీక్షిస్తాడు. రక్తపరీక్షలు ఉంటాయి. తెల్లని కంటిపాప ప్రతిసారీ శుక్లమే కానక్కరలేదు. రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సరులోనూ అదే లక్షణం కనిపిస్తుంది. అది ప్రాణానికే ముప్పు కనుక కంటి లోపలి భాగాన్ని స్కానింగ్ చేసి నిర్ధారించుకుంటారు. ఈ పరీక్షలు ఎందుకని విసుక్కోవద్దు. కాన్పు నెలలు నిండకుండా జరిగి ఉంటే ఆ సంగతి తప్పక చెప్పాలి. అటువంటి శిశువులను మత్తు తర్వాత రాత్రంతా పరిశీలనలో ఉంచుతారు.

కళ్లకు సుర్మా, కాటుక, చనుబాల చుక్కలు, తేనె, ఆముదం వంటివేవీ వేయవద్దు. అవి శుక్లాన్ని కరిగించలేవు. పైగా సూక్ష్మజీవులను కంటిలోకి చేర్చవచ్చు. ఆపరేషన్ ముందు కంటిలో పుసులు కట్టినా, శిశువుకు జలుబు, దగ్గు, జ్వరం వచ్చినా వెంటనే వైద్యుడికి తెలియజేయాలి. తేదీ తప్పిపోతుందన్న భయంతో దాచిపెడితే మత్తు సమయంలో ఊపిరికి ఇబ్బంది కలగవచ్చు. కనుక ఆ వారం రోజులు ఇంటికి వచ్చే చుట్టాలను మర్యాదగా ఆపండి. చిల్లాలోని ఏకాంతం నిజంగా ఉపకరించేది ఇక్కడే. రుబెల్లా కారణమని తేలితే గర్భిణులు ఆ శిశువును ఎత్తుకోకపోవడం మంచిది, ఎందుకంటే ఆ శిశువుల శరీరంలో వైరస్ నెలల తరబడి ఉండవచ్చు.

తల్లులకు కష్టమైన ఘట్టం పాలు ఆపడం. మత్తు ఇచ్చేటప్పుడు కడుపులో పాలు ఉంటే అవి పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉంది. అందుకే సాధారణంగా ఆపరేషన్‌కు నాలుగు గంటల ముందు తల్లిపాలు, ఆరు గంటల ముందు డబ్బాపాలు ఆపమంటారు. మీ మత్తు వైద్యుడు చెప్పిన గడియే మీకు ప్రమాణం. ఉదయం ఎనిమిదింటికి ఆపరేషన్ అయితే తల్లి తహజ్జుద్ వేళకు లేచి బిడ్డకు కడుపునిండా పాలివ్వాలి. ప్రసవానంతర స్థితిలో ఆమె నమాజు చేయలేకపోయినా, దుఆకూ జిక్ర్‌కూ ఏ అడ్డూ లేదు. ఆ తర్వాత బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. జాలిపడి ఎవరూ పంచదార నీళ్లు నాకించకూడదు. ఆ గంటలలో బిడ్డను తండ్రో, దాదీయో ఎత్తుకుని నడవడం మంచిది. తల్లి ఒడిలో ఉంటే పాల వాసనకు శిశువు మరింత అల్లాడుతుంది.

సంతకం చేసే కాగితాన్ని చదివించుకోండి. మత్తుకు సంబంధించిన ప్రమాదాల గురించి ప్రశ్నించండి. రెండు కళ్లూ ఒకేసారి చేస్తారా, కొన్ని రోజుల వ్యవధితో చేస్తారా అని అడగండి. ప్రశ్నించడం అపనమ్మకం కాదు.

ఆపరేషన్‌తో పని మొదలవుతుంది

శుక్లం తీయగానే బిడ్డ అందరినీ చూసి నవ్వుతుందని ఆశించే కుటుంబాలకు ఒక విషయం ముందే తెలియాలి. ఆపరేషన్ మెదడుకు వెలుగు ద్వారాన్ని తెరుస్తుంది. చూడటం నేర్పే పని ఆ తర్వాత ఏళ్ల తరబడి ఇంట్లో జరగాలి.

పెద్దవారికి వలె నెలల పసికందుకు సాధారణంగా కంటి లోపల కృత్రిమ కటకం అమర్చరు. ఒకే కంటిలో శుక్లం ఉన్న 114 మంది శిశువులపై అమెరికాలో జరిగిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో, లోపల కటకం అమర్చినవారికీ కాంటాక్ట్ లెన్సు వాడినవారికీ నాలుగున్నరేళ్ల వయసులో చూపులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కటకం అమర్చిన పిల్లలకు మాత్రం తిరిగి ఆపరేషన్లు ఎక్కువగా అవసరమయ్యాయి. అందుకే ముందు కళ్లజోడో, కాంటాక్ట్ లెన్సో ఇచ్చి, బిడ్డ పెరిగాక కటకం గురించి ఆలోచిస్తారు.

ఆ కళ్లద్దాలు చాలా మందంగా ఉంటాయి. చూడగానే బంధువులు అనే మాట మనకు తెలిసిందే: ఆడపిల్లకు ఇంత అద్దాలా, రేపు సంబంధం ఎలా వస్తుంది? ఆ మాటకు వెరచి చుట్టాలు వచ్చినప్పుడల్లా అద్దాలు తీసి దాచే తల్లులున్నారు. అద్దాలు లేని ప్రతి గంటా ఆ కంటికి శుక్లం తిరిగి వచ్చినట్లే. ఒకే కంటికి ఆపరేషన్ అయితే, వైద్యుడు చెప్పినన్ని గంటలు మంచి కంటికి పట్టీ వేసి బలహీనమైన కంటిచేత పని చేయించాలి. బిడ్డ ఏడుస్తుంది, పట్టీ లాగేస్తుంది. ఈ పోరాటంలో తల్లి ఒంటరి కాకూడదు. పట్టీ వేసే పూట బిడ్డను ఆడించే బాధ్యతను ఇంట్లోని మగవారు పంచుకోవాలి.

మొదటి వారాలలో చుక్కల మందులు రోజుకు పలుమార్లు వేయాలి. వేళల పట్టికను గోడకు అంటించి, వేసినప్పుడల్లా గుర్తు పెట్టండి. తలస్నానం ఎప్పుడు చేయించాలో వైద్యుణ్ని అడగండి. కన్ను ఎర్రబడినా, నల్లగుడ్డు మసకబారినా, వెలుగు చూడలేక బిడ్డ కళ్లు మూసుకున్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఈ పిల్లలకు నీటికాసుల వ్యాధి ఏళ్ల తర్వాత కూడా రావచ్చు గనుక కంటి పరీక్షలు జీవితాంతం కొనసాగాలి.

ఇన్ని చేసినా కొందరు పిల్లలకు చూపు పూర్తిగా రాకపోవచ్చు. అప్పుడు గుర్తు తెచ్చుకోవలసిన పేరు హజ్రత్ అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ (రజి). ఆయన అంధులు. ఆయన పట్ల చూపిన ఉపేక్ష గురించి దివ్యఖుర్ఆన్‌లోని అబస సూరా అవతరించింది. ప్రవక్త (స) ఆయనను బిలాల్ (రజి)తోపాటు అజాన్ పలికేవారిగా నియమించారు. తాము మదీనా విడిచి వెళ్లినప్పుడు ఆయనకు బాధ్యత అప్పగించారు. చూపు కోసం శక్తికొలదీ ప్రయత్నించడం మన విధి. చూపు తక్కువైన బిడ్డకు విద్యలోనూ, మర్యాదలోనూ ఏమాత్రం తక్కువ చేయకపోవడం అంతకు తక్కువ కాని విధి.

ప్రతి ఇంటికీ ఒక విన్నపం

కాన్పయిన ఆసుపత్రి నుండి బయలుదేరే ముందు “మా బిడ్డ కళ్లు పరీక్షించారా?” అని ఒక్క ప్రశ్న అడగండి. వైద్యుడు చిన్న దీపంతో చూసినప్పుడు రెండు కంటిపాపలలోనూ సమానంగా ఎర్రని మెరుపు కనిపించాలి. ఇంట్లో కంటిపాప తెల్లగా కనిపించినా, ఫ్లాష్‌తో తీసిన ఫోటోలలో మాటిమాటికీ ఒక కన్ను తెల్లగా మెరిసినా, కళ్లు నిలకడ లేక అటూ ఇటూ ఆడుతున్నా, రెండు మూడు నెలలు వచ్చినా బిడ్డ తల్లి ముఖం వైపు చూడకపోయినా వెంటనే నేత్రవైద్యుణ్ని కలవండి.

2017 నుండి మన దేశంలో తట్టు, రుబెల్లా టీకాను కలిపి పిల్లలకు ఉచితంగా ఇస్తున్నారు. తొమ్మిది నెలలు నిండాక ఒకసారి, ఏడాదిన్నర వయసులో మరొకసారి మీ పిల్లలకు తప్పక వేయించండి. పెళ్లీడుకొచ్చిన అమ్మాయిలకు ఈ టీకా పడిందో లేదో తెలియకపోతే వైద్యుణ్ని అడిగి పెళ్లికి ముందే వేయించండి. గర్భంతో ఉన్నప్పుడు దీనిని వేయరాదు. టీకా తర్వాత కనీసం ఒక నెల గర్భం రాకుండా చూసుకోవాలి.

పొరుగింట్లో ఏ బాలింత బిడ్డ కంటిలోనైనా పాలచుక్క కనిపిస్తే, గ్రహణం మాట ఎత్తకండి. ఏ ఆసుపత్రికి వెళ్లాలో చెప్పండి, వీలైతే తోడు వెళ్లండి. వారు తిరిగి వచ్చేదాకా ఆ ఇంటి పెద్దపిల్లలకు అన్నం పెట్టండి. ఆ పసికంటి వెలుగు కోసం ఇరుగుపొరుగు చేయగల దుఆలో ఇది కూడా ఒక భాగమే.